తీరమున తొలిగంట



ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీన తూర్పుతీరమున మరపడవల వేట నిలిచిపోవును. చేపలు గ్రుడ్లు పెట్టి సంతతిని వృద్ధిచేసికొను ఋతువగుటచేత జూన్ 14వ తేదీ ముగియువరకు, అనగా 61 దినములు, సముద్రమునకు ప్రభుత్వమిచ్చిన విశ్రాంతి యది. మన పాఠశాలలకు వేసవి సెలవులును ఇంచుమించుగా ఆ దినములలోనే వచ్చును. మత్స్యశాఖవారును విద్యాశాఖవారును కూడబలుకుకొని చేసిన యేర్పాటు కాకపోయినను, ఈ రెండు విరామములును కలిసివచ్చుటచేత నెల్లూరు తీరమునందలి పట్టపుపాళెములలో ఏటేట ఒక విచిత్రమైన విద్యాలయము తెరవబడుచున్నది. తక్కిన పదినెలలును తెల్లవారకమునుపే నీటిమీదికి పోవు తండ్రి యిప్పుడు పగలంతయు ఇంటనే యుండును. సరుగుడుచెట్ల నీడను వల పరచుకొని చినిగిన కన్నులను ఒక్కొక్కటిగా అల్లుకొనుచుండును. ప్రక్కనే దారపుకండె పట్టుకొని యెనిమిదేండ్ల కొడుకో కూతురో కూర్చుండును. వలకన్ను ఎన్ని వ్రేళ్ల వెడల్పున్న ఏ చేప చిక్కునో, ఏది జారిపోవునో, పైయంచున బెండ్లును క్రిందియంచున సీసపుగుండ్లును ఎంతెంత యెడముగా కట్టవలెనో, నెత్తళ్లకు వేయు వలతో వంజరమునకు ఏల పోరాదో ఆ రెండు మాసములలో ఆ పిల్లకు తెలిసినంతగా, చేపను పళ్లెములో మాత్రమే చూచిన మనబోటివారికి జీవితాంతమునకైనను తెలియదు.

జూన్ నెలలో బడి తెరతురు. "వేసవి సెలవులలో మీరేమి చేసితిరో పది వాక్యములు వ్రాయుడు" అని ఉపాధ్యాయుడు అడుగును. అప్పు డా పిల్ల వ్రాయున దేమి? అమ్మమ్మగారి యూరికి రైలులో పోయితిననియు, మామిడితోటలో ఆడుకొంటిననియు, జంతుప్రదర్శనశాలలో సింహమును చూచితిననియు వ్రాయును. ఆ పిల్ల అబద్ధమాడుచున్నదని మనము తొందరపడి యనుకొనరాదు. బడి యే జవాబును కోరుచున్నదో గ్రహించి, ఆ జవాబునే మర్యాదగా సమర్పించుచున్నది. వాచకములలోని సెలవు లట్లే యుండును గదా! వల యల్లుట, ఎండుచేపలను తిరుగవేయుట, చెల్లెలిని ఊయలలో నిద్రపుచ్చుట మొదలైనవి చదువు క్రిందికి రావని ఎవరును చెప్పకయే ఆ పిల్లకు ఏనాడో తెలిసిపోయినది. ఇంటివద్ద నేర్చినదానిని గడపకీవలనే విడిచి, ఒట్టిచేతులతో బడిలోనికి వచ్చు నీ యలవాటును మాన్పించుటకు దినమున కొక్క తొలిగంట, అంతయు గాకున్న వారమున కొక్క తొలిగంట, పిల్లల మాటలకే విడువవలెననియు, ఆ గంటలో వినవలసినవాడు ముఖ్యముగా ఉపాధ్యాయుడే యనియు నేను నేటి ప్రసంగమున మనవి చేయదలచినాను.

రొయ్యలగుంట లున్న యూళ్ల సంగతి మొదట చూతము. 1990 ప్రాంతమున టైగరు రొయ్యతో విజృంభించిన ఈ సాగు తెల్లమచ్చ తెగులుతో ఒకమారు కూలబడి, 2009 తరువాత వనామీ రొయ్యతో మరల లేచి నిలిచినది. విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతములలో ఒకప్పుడు వరికయ్యలుండినచోట నేడు రాత్రియు పగలును ఏరియేటర్ల చక్రములు నీటిని చిలుకుచున్నవి. ఆ యిండ్లలో పిల్లలకు ఓనమాలతోపాటుగా చెవినిబడు లెక్క యొకటి కలదు, అది కౌంటు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగునో అదియే కౌంటు. నూరు కౌంటనిన కిలోకు నూరు. ముప్పది కౌంటనిన ముప్పది. కౌంటు తగ్గినకొలది రొయ్య పెద్దది, వెల హెచ్చు. మూడవతరగతి పిల్లవాడు లేచి, "మా గుంటలో నిన్న అరవై కౌంటు పడింది సార్, ఇంకో పది దినాలు ఆగితే యాభైకి వస్తాదంట, అప్పుడు పడతామన్నాడు మా నాయన" అని చెప్పినయెడల, ఆ యొక్క వాక్యములో ఎంత గణితమున్నదో చూడుడు. సంఖ్య తగ్గుటయే వృద్ధి యని వానికి తెలియును. వేయి గ్రాములను అరువదిచే భాగించిన పదునేడు గ్రాములకు కొంచెము తక్కువగా వచ్చుననియు, ఏబదిచే భాగించిన ఇరువదియే వచ్చుననియు వానికి పలకమీద చేయుట తెలియకపోవచ్చును. కాని ఆ పది దినములలో రొయ్యకు మూడు గ్రాములకు పైగా కండపట్టవలె నన్న సంగతిని వాని తండ్రి పాటించు నిరీక్షణలోనుండి వాడు గ్రహించియేయున్నాడు. విలోమానుపాతమును మన గణితపుస్తకములు ఉన్నతపాఠశాలకు చేరినపిమ్మటగాని చెప్పవు. చెప్పునప్పుడు గూడ పదిమంది కూలీలు గోడను ఎన్ని దినములలో కట్టుదురని యడుగునే గాని, ముత్తుకూరు పిల్లవానిని కౌంటు మాట యడుగవు.

వేటపడవ తిరిగివచ్చినపిమ్మట వచ్చిన సొమ్మును పంచుకొను రీతియు నిట్టిదే. పడవ కింత, యంత్రమున కింత, వల కింత యని పాళ్లు తీసి, మిగిలినదానిని మనుష్యులు తలా ఒక పాలుగా పంచుకొందురు; ఊరూరికిని కట్టుబాటు వేరుగా నుండును. నూనె ఖర్చు మొదటనే తీయవలెనా, పిమ్మట తీయవలెనా యను విషయమై పెద్దలు ఒడ్డున వాదులాడుచుండగా విన్న పిల్లకు భిన్నములు రావని మన మెట్లనగలము? వచ్చును, మనము వ్రాయించు ఆకారమున రావు.

తిథుల సంగతి మరియొకటి. అమావాస్యకును పున్నమికిని పోటు ఎక్కువగా నుండుననియు, నేడు వచ్చిన వేళకంటె రేపు ఇంచుమించు ముప్పావుగంట ఆలస్యముగా పోటు వచ్చుననియు కాలువగట్టు పిల్లలకు గడియారము చూచుట నేర్వకమునుపే తెలియును. పున్నమినాటి పీతలో కండ యుండదని వారి పెద్దలు చెప్పుదురు. అది ఎంతవరకు నిజమో తూచి చూడవచ్చును. బడిలో త్రాసున్నది, ఊరిలో పీతలున్నవి. విజ్ఞానశాస్త్రమున ఇంతకంటె సులభమైన ప్రయోగమేది?

దక్షిణమునకు పోయినకొలది ముచ్చటల రంగు మారును. పులికాటు సరస్సు పరిసరములు, సూళ్లూరుపేట, తడ 2022లో జిల్లాల పునర్విభజనలో తిరుపతి జిల్లాకు చేరినవి. పటము మారినను గాలియు నీరును పూర్వమువలెనే యున్నవి గనుక నేను వానిని నెల్లూరు తీరమనియే వ్యవహరించుచున్నాను, శ్రోతలు క్షమింతురుగాక. ఇరకము దీవివారికి పడవయే బాట. నేలపట్టు పిల్లలకు చెరువులోని నీటికడప చెట్లమీద గూడబాతులు గూళ్లు కట్టుట శీతకాలమున ప్రతిదినపు వార్త. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పారిన కయ్యలు ఎరువు లేకయే బాగుగా పండునని వారి తాతలు చెప్పుదురు. ఆ మాట వెనుకనే, గూళ్ల జోలికి పోరాదను గ్రామనియమమున్నది. ఇక శ్రీహరికోట. అక్కడినుండి రాకెట్టు ఎగురు దినమున ఆ మేర సముద్రములోనికి పోరాదని జాలరులకు ముందుగా హెచ్చరిక వచ్చును. 2023 జూలై 14న చంద్రయాన్-3 పైకెగసినపుడు దేశమంతయు టెలివిజనుముందు కూర్చుండెను. తీరపు పిల్ల ఆ దినమును గూర్చి చెప్పదగిన మాట వేరు: "ఆ రోజు మా నాయన వేటకు పోలేదు, మేమంతా మిద్దెక్కి చూసినాం." చంద్రయానమును గూర్చి పత్రికలలో వచ్చిన వ్యాసములలో నాకీ మాట కనబడలేదు.

పిల్లలు పిల్లలకు చెప్పుకొనుట మనకు క్రొత్తది కాదు. మన అరుగుబడులలో పెద్దపిల్లలు చిన్నపిల్లలచేత ఇసుకలో అక్షరములు దిద్దించుచుండిరి. ఆండ్రూ బెల్ అను దొర 1789లో మదరాసున అనాథబాలుర పాఠశాలకు పర్యవేక్షకుడై, ఇక్కడి బడులలో చూచిన ఈ రీతినే స్వీకరించి, ఇంగ్లండుకు పోయి ప్రచారము చేయగా, అక్కడ దానికి మదరాసు పద్ధతి యని పేరు వచ్చెను. 1822లో గవర్నరు మన్రో దేశీయవిద్యను గూర్చి నివేదికలు పంపుడని కలెక్టరులకు ఆజ్ఞాపింపగా, బళ్లారి కలెక్టరు కాంబెల్ మరుసటి సంవత్సరము వ్రాసిన జవాబులో, ఈ పద్ధతి మెచ్చుకొనదగినదనియు, ఇంగ్లండు దీనిని అనుకరించుట న్యాయమే యనియు చెప్పెను. ఐతే ఆయనయే పిల్లలు అర్థము తెలియని పద్యములను చిలుకలవలె వల్లించుచున్నారని కూడ వ్రాసెను. పేదరికముచేత తల్లిదండ్రులు పిల్లలను పనికై బడినుండి మాన్పించుచున్నారనియు వ్రాసెను. మన పూర్వులను పొగడువారు మొదటి మాటనే చదివి పుస్తకము మూయుదురు. అరుగుబడిలో పిల్లవాని నోరు తెరవబడినది నిజమే. తెరచిన నోట పలికినది మాత్రము వాని యింటి మాట కాదు, అమరమును బాలరామాయణమును.

పిల్లవాని యింటిమాటకు బడిలో పీట వేసినవాడు దూరదేశపువాడు. ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమున బార్-సుర్-లూ అను కొండపల్లెలో 1920లో ఉపాధ్యాయుడుగా చేరిన సెలెస్తాఁ ఫ్రెనే మొదటి ప్రపంచయుద్ధమున ఊపిరితిత్తులకు గాయపడినవాడు. గంటలకొలది బిగ్గరగా పాఠము చెప్పుటకు శక్తి చాలనివాడు. పిల్లలను ఊరిలోనికి షికారు తీసికొనిపోయి, సాలెవాని మగ్గమును, కమ్మరి కొలిమిని, తోటలను చూపి, తిరిగివచ్చి వారిచేతనే మాట్లాడించుచుండెను. ఆ మాటలనే వ్రాయించి, చిన్న అచ్చుయంత్రము కొని, పిల్లలచేతనే అక్షరములు కూర్పించి అచ్చొత్తించెను. 1926లో బ్రిటనీ సముద్రతీరమునందలి ట్రేగంక్ బడి ఉపాధ్యాయుడు రెనే దానియేల్‌తో ఉత్తరప్రత్యుత్తరములు ప్రారంభమై, కొండపిల్లల సంగతులు సముద్రపు పిల్లలకును, సముద్రపు పిల్లల సంగతులు కొండపిల్లలకును అచ్చుకాగితములమీద చేరుచుండెను. ఇది చదివినప్పు డెల్ల నాకు మన పాత నెల్లూరు జిల్లాయే జ్ఞప్తికి వచ్చును. ఇసకపల్లి పిల్ల వలదారమును గూర్చి వ్రాసిన జాబు వెంకటగిరిలో మగ్గముగుంట ప్రక్కన పెరిగిన పిల్లకు చేరెననుకొనుడు. ఉదయగిరిలో కొయ్యగరిటెలు చెక్కు ఇంటి పిల్లవాడు మైపాడు పిల్లవానికి తన చెక్కపొట్టు వాసన వర్ణించెననుకొనుడు. ఖర్చు తపాలాబిళ్ల ఖర్చే.

ఈ విషయమున ప్రభుత్వపత్రముల కేమియు లోటు లేదు. 1937లో గాంధీగారు వార్ధాలో చేతిపని ద్వారమున విద్య నేర్పవలెనని ప్రతిపాదించిరి. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక బడిబయటి జీవితముతో జ్ఞానమును ముడివేయుటనే తన మొదటి సూత్రముగా ప్రకటించినది. పెన్నయొడ్డున పల్లిపాడులో 1921లో గాంధీగారు ప్రారంభించిన ఆశ్రమము మన తీరమునకు ఎంతో దూరమున లేదు. ఐనను వార్ధా పద్ధతి యనగానే మనకు తకిలియే తోచునుగాని వలసూది తోచదు. ఉత్తమమైన భావము గూడ పై నుండి ఒకే ఆకారమున దిగివచ్చినపుడు ఊరిలోని పని దాని కంట బడదు.

ఇంటి చదువు అను మాట మన పెద్దల నోట విరివిగా వినబడినది మాత్రము మహమ్మారి కాలముననే. 2020 మార్చి 19న మన రాష్ట్రమున బడులు మూతపడినవి. ఒకటి మొదలు అయిదు తరగతుల పిల్లలకు 2021 ఫిబ్రవరి 1వ తేదీ వరకు తలుపులు తెరువలేదు. తెరచిన మూడు నెలలైనను నిండకమునుపే, ఏప్రిల్ 20న, మరల మూసిరి. తిరిగి తెరచుట ఆగస్టు 16న. దూరదర్శన్ సప్తగిరిలో విద్యావారధి పేరిట పాఠములు వచ్చినవి. రేడియోద్వారాను పాఠములు వచ్చినవి. పాళెములలో ఇంటి కొక్క ఫోను. అదియు తండ్రి చొక్కాజేబులో పడవమీదికో గుంటగట్టుమీదికో పోవును. కావున అనేకులైన పిల్లలకు ఆ కాలమున పాఠము చెప్పినవారు అవ్వయు, అబ్బయు, పొరుగింటి అక్కయునే. ఆ మాసములలో పిల్లలు చదువును మరచిరన్నది సత్యమే. దానిని తేలికగా త్రోసివేయుట నా యుద్దేశము కాదు, అక్షరము మరచిన పిల్లకు వలయల్లుట వచ్చినదని సంతోషించువాడు ఆ పిల్లకు మిత్రుడు కాడు. కాని బడి తెరచినపిమ్మట ఏమి మరచితిరో తెలిసికొనుటకు పరీక్షలు పెట్టిరిగాని, ఏమి నేర్చితిరో తెలిసికొనుటకు పెట్టిన పరీక్షను నేను చూడలేదు.

ఈ తొలిగంటను నడపుట చూచినంత సులభము కాదు. "నిన్న రాత్రి ఏమి తింటివి?", "మీ నాయన ఏమి పని చేయును?" అని వరుసగా అందరిని లేపి యడుగు ఉపాధ్యాయుని యెదుట కొందరు పిల్లలు తల వంచుకొందురు. తిననివాడున్నాడు, తండ్రి త్రాగి పడియున్నవాడున్నాడు, తమ వారి పని చెప్పిన తోడిపిల్లలు నవ్వుదురని యెరిగిన యానాది పిల్ల యున్నది. బొరియ ముఖమును చూచి లోపల పీత యున్నదో లేదో చెప్పగల ఆ పిల్ల విద్యను, ఎలుకలు పట్టువారని యెగతాళి చేయు నాలుకలమధ్య బయటపెట్టుమనుట న్యాయమా? మొదట ఆ నాలుకలను సరిచేయవలెను. చెప్పనొల్లని పిల్ల చెప్పకుండుటకు గూడ ఆ గంటలో చోటుండవలెను. ఇంటిని గూర్చి యడుగుటకంటె చేతిపనిని గూర్చి యడుగుట మేలు. ఎవరికి ఏమున్నదని కాక, ఏది ఎట్లు చేయుదురని యడుగవలెను.

ఆడపిల్లల విషయమున మరియొక మెలకువ కావలెను. మగపిల్లవాడు ఒక్కమారు తండ్రివెంట పోయి తెడ్డు పట్టినను దానిని పది నిమిషములు వర్ణించును. ఆడపిల్లను అడుగుడు: "నేనేం పని చెయ్యలేదు సార్" అనును. తరచి యడిగినపిమ్మట, తెల్లవారి బోరింగుకాడ నీళ్లు పట్టినదనియు, తమ్మునికి స్నానము చేయించినదనియు, అమ్మ చేపలబుట్టతో పోగా అన్నము వండినదనియు, సాయంకాలము ఎండుచేపలను కాకులు తన్నుకొనిపోకుండ కాచినదనియు తెలియును. ఇవన్నియు ఆ పిల్ల లెక్కలో పని కాదు. ఎవరి లెక్కను అది నేర్చుకొన్నదో మన మెరుగుదుము.

ఇందులోనే మరియొక చిక్కున్నది. ఇంటిపనిని మెచ్చుకొన్నకొలది, పిల్లలచేత పని చేయించుకొనుటకు మనమే పూలదండ వేసినట్లగునా? 2016లో సవరించిన బాలకార్మిక చట్టము బడివేళలు కాని సమయమున, సెలవులలో, పిల్లలు కుటుంబపు పనిలో సాయపడుటను అనుమతించినది. సాయమునకును చాకిరికిని నడుమ నున్న గీత చట్టములో స్పష్టమే; గుంటగట్టున రాత్రి చీకటిలో అది కనబడదు. రొయ్యలగుంటలకు కాపలాగా కుటుంబముతో పోయి గట్టుమీది గుడిసెలో నిద్రలేని పిల్ల మరునాడు బడికి రాదు, వచ్చినను రెండవగంటకే తూగును. హాజరుపట్టీలో ఆ పిల్ల పేరునకెదురుగా ఒక సున్న యుండును, అంతే. తొలిగంటలో ఆ పిల్ల నోట "రాత్రి మేం గుంటకాడ పండుకున్నాం" అన్న మాట రాలినయెడల, ఆ సున్నకు కారణము ఉపాధ్యాయునికి తెలియును. తల్లిదండ్రులతో మాట్లాడుటకు త్రోవ దొరకును. వినుటవలన కలుగు ఫలములలో నేను దీనినే పెద్దదిగా నెంచుదును, గణితము తరువాతిది.

ఇక ఉపాధ్యాయులను గూర్చి ఒక్కమాట. మన తీరపు బడులలో పనిచేయువారిలో అనేకులు నెల్లూరునుండియో కావలినుండియో ఉదయము బస్సులోనో మోటారుసైకిలుమీదనో వచ్చి, సాయంకాలము తిరిగిపోవువారు. ఊరి రాత్రియు వేకువయు వారు చూడరు. అది వారి తప్పని నేననను. ఇండ్లు, పిల్లల చదువులు, వృద్ధులైన తల్లిదండ్రులు ఎవరికి లేరు? కాని ఊరు తెలియనివానికి ఊరిని తెలిపెడువారు ఆ తరగతిలో ముప్పదిమంది కూర్చునియుందురు. తెలియనిదానిని తెలియదని యొప్పుకొని అడిగిన ప్రశ్నకును, జవాబు తెలిసియుండి పరీక్షార్థము అడిగిన ప్రశ్నకును గల భేదమును పిల్లలు ముఖము చూచియే కనిపెట్టుదురు. ఉపాధ్యాయుడు నిజముగా నెరుగక యడిగినప్పుడు వారు బల్లలు దిగి, నేలమీద సుద్దముక్కతో పటములు గీయుచు, ఒకరి మాట నొకరు దిద్దుచు, ఇల్లు కదలునట్లు చెప్పుదురు. అంతవరకు వచ్చినపిమ్మట వారు మిమ్మును గూడ విడువరు, "సార్, మీరు ఇంటికాడ ఏం చేస్తారు?" అని యడుగుదురు. వారికి దాపరికములేక జవాబు చెప్పవలెను. ఆదివారమునాడు నెల్లూరులో చేపలు కొన్నానని చెప్పి చూడుడు. "మొప్పలెత్తి చూసినారా?" అని మొదటి వరుసలోనుండియే ప్రశ్న వచ్చును. చూడలేదని మీ రనగానే, "ఎర్రగా ఉంటేనే తీసుకోవాల సార్, నల్లబడితే నిన్నటివి, ఐసులో పెడతారు, మీకు తెల్దు" అని, వచ్చే వారము మీకెట్లు చేప కొనవలెనో నేర్పుటకు తరగతి యంతయు సిద్ధమగును.